లోగోకి ఇరవయ్యేడు వేలా?

మా పెద్దమ్మగారబ్బాయిది ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం. పేద్ద వ్యాపారమేం కాదు. ఇంటి వెనక షెడ్డులో రేకులు తీసేవాళ్ళు నలుగురు, చుట్టేవాళ్ళు ముగ్గురు, లెక్కలకి మా వదిన, అంతే. ఇన్నాళ్ళూ తెల్ల అట్టపెట్టెలో సర్ది, మీద ఓ స్టిక్కరంటించి, రావులపాలెం హైవే పక్క కొట్లకి వేసేవాడు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. పేపర్లో ఆ వార్త చూసినప్పట్నించీ మా అన్నయ్యకి సొంత పేరుతో, సొంత డబ్బాతో ఆన్‌లైన్లో అమ్మాలన్న కోరిక పట్టుకుంది. ఆ కోరిక ముదిరాక ఓ రోజు హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోను.

"ఏరా తమ్ముడూ, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఓ మంచి లోగో, డబ్బా డిజైనూ చేసిపెట్టరా."

సాఫ్ట్‌వేర్ వాడంటే ప్రింటర్ బాగుచెయ్యడం దగ్గర్నించి పెళ్ళికార్డు వెయ్యడం దాకా అన్నీ వచ్చేస్తాయనుకుంటారు మనవాళ్ళు. నాకు జావా వచ్చు, కాస్త డేటాబేసులు వచ్చు. నేను గీసిన గీత ఏదీ తిన్నగా ఉండదు. ఆ మాటే చెప్పి, డిజైనర్ని వెతికే బాధ్యత మాత్రం నెత్తినేసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ బాధ్యత నేనెంత అధ్వాన్నంగా నిర్వహించానో చెప్పడానికే.

కాలేజీ స్నేహితుడొకడు రాజమండ్రిలో ఉంటున్న ఒకమ్మాయి నంబరిచ్చాడు. నాలుగేళ్ళు ఓ ప్రెస్సులో డీటీపీ, డిజైనూ చేసి, మానేసి, ఇప్పుడు ఇంటి దగ్గర్నించే ఫ్రీలాన్స్ చేస్తోంది. చేసిన పనులు పంపింది. ఓ జీడిపప్పు ప్యాకెట్టు, ఓ పచ్చళ్ళ సీసా లేబులు, ఒక పిల్లల పుస్తకం అట్ట. నిజంగా బావున్నాయి. తెలుగు అక్షరాల్ని అక్షరాల్లాగే చూసింది, ఇంగ్లీషు పక్కన మొక్కుబడిగా అతికించలేదు. మాకు కావలసింది చెప్పాను. రెండ్రోజుల్లో కొటేషన్ పంపింది. లోగోకి 12,000. మూడు సైజుల డబ్బాలకి ఒక్కోదానికీ 5,000 చొప్పున 15,000. మొత్తం 27,000.

అన్నయ్యకి చెప్పాను. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "లోగోకి ఇరవయ్యేడు వేలా? మన ఊళ్ళో ఫ్లెక్సీ వేయిస్తే డిజైన్ ఫ్రీ కదరా!"

అన్నయ్యని ఏమీ అనలేం. ఆయనకి డిజైనంటే ఫ్లెక్సీతో పాటు ఊరికే వచ్చేది. కొబ్బరికాయ కొంటే సంచి ఇచ్చినట్టు. అసలు తప్పు నాది. నాకు తెలుసు అది తక్కువ రేటేనని. మా కంపెనీకి అప్పట్లో లోగో మార్చినప్పుడు ఏజెన్సీకి ఎంతిచ్చారో క్యాంటీన్‌లో గుసగుసలు విన్నవాణ్ణే. అయినా సరే ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఏమన్నానో తెలుసా? "రాజమండ్రి రేటు చెప్పండి మేడమ్, హైదరాబాద్ రేటు కాదు. పదివేలకి చేసెయ్యండి. మనూరివాళ్ళం కదా. ముందు ముందు బోల్డు పని ఉంటుంది."

ఆ అమ్మాయి కోప్పడలేదు. "అంతకైతే కుదరదండి, ఏమనుకోకండి," అని పెట్టేసింది.

ఆ "రాజమండ్రి రేటు" అన్న ముక్క గురించే నా బాధంతా.

నా ఉద్యోగమేంటో ఒకసారి ఆలోచించండి. మీలో చాలామందిదీ అదే. అమెరికాలో క్లయింటు ఉంటాడు. వాడి దగ్గర కూర్చుని అదే పని చేసేవాడికి ఇచ్చేదానిలో నాలుగో వంతుకి ఇక్కడ మనం చేస్తాం. చేసే కోడ్ అదే, రాత్రి పదింటికి కాల్‌లో తిట్లు తినేదీ మనమే. మన రేటు ఎందుకు తక్కువయ్యా అంటే మన పని తక్కువై కాదు, మనం కూర్చున్న కుర్చీ గచ్చిబౌలిలో ఉండబట్టి. దీని మీద మనం ఎన్ని టీలు తాగుతూ ఎంత ఏడ్చామో లెక్కలేదు. ఆన్‌సైట్ వెళ్ళొచ్చినవాడు వచ్చీ రాగానే చెప్పే మొదటి కబురు కూడా ఇదే కదా, "అక్కడ నా పక్కసీటువాడికి ఎంతో తెలుసా" అని. అలా ఏడ్చే నేను, నా చేతిలో ఓ 27,000 బడ్జెట్ రాగానే చేసిన మొదటి పని, ఎదుటివాళ్ళ కుర్చీ ఏ ఊళ్ళో ఉందో చూసి రేటు కొయ్యడం.

పైగా ఇంకో కోత కూడా వేశాను. అది పైకి అనలేదు గానీ మనసులో ఉంది. "ఇంట్లో కూర్చునే కదా చేసేది. ఆఫీసు అద్దె లేదు, బస్సు ఖర్చు లేదు."

ఈ మాట నాకెక్కడో విన్నట్టనిపించింది. ఆలోచిస్తే గుర్తొచ్చింది. మా అమ్మమ్మది పాలకొల్లు పక్క. ఆవిడా, ఆవిడ తోడికోడలూ మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధరుగు మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళు. నర్సాపురం లేసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ పని డెల్టాలో ఇంటింటికీ పాకింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకెళ్తాడు, ముక్కకింత అని చేతిలో పెడతాడు. ఆ లేసు విదేశాలకి పోయేది. మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు ఈ ఊళ్ళు తిరిగి, వీళ్ళతో మాట్లాడి, నర్సాపురం లేసు పనివాళ్ళ మీద 1982లో ఇంగ్లీషులో ఓ పుస్తకమే వేసింది. ఆవిడ చెప్పిన అసలు సంగతి చాలా చిన్నది. రోజుకి ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్ళని కూడా అందరూ "ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు, తీరిక వేళ అల్లుకుంటున్నారు" అనే అనుకున్నారు. వ్యాపారులూ అలాగే అనుకున్నారు, ఇంట్లో మగవాళ్ళూ అలాగే, చివరికి అల్లేవాళ్ళు కూడా అలాగే. పని అనుకోలేదు కాబట్టి కూలి కట్టలేదు. పొలంలో కూలికెళ్ళినవాళ్ళకి వచ్చేంత కూడా వీళ్ళకి రాలేదు. ఆ లేసుకి 2024లో జీఐ వచ్చింది. మా అమ్మమ్మకి మాత్రం ముక్కకింతే వచ్చింది.

అప్పటి ఏజెంటుకీ నాకూ తేడా ఏంటంటే, ఆయన సైకిలు మీద వచ్చేవాడు, నేను వాట్సాప్‌లో వచ్చాను. :)

సరే, కథలోకి వద్దాం. పదివేలకి ఆ అమ్మాయి ఒప్పుకోలేదు కాబట్టి అన్నయ్య తనకి తెలిసిన ఫ్లెక్సీ షాపుకెళ్ళాడు. కుర్రాడు గంటన్నరలో చేసిచ్చాడు. డిజైన్‌కి 1,500. గూగుల్లోంచి దించిన పూతరేకుల ఫోటో (ఎవరిదో ఏమో), వెనకాల గోదావరి, మూల ఓ కొబ్బరిచెట్టు. ఫోన్లో చూస్తే ఫర్వాలేదనిపించింది. నాకూ పంపాడు, నేనూ "బావుంది" అని బొటనవేలు గుర్తు పెట్టాను. ఈ ముక్క దాచుకోవడం లేదు. రెండువేల డబ్బాలు ప్రింటయ్యాయి. డబ్బాకి 14 చొప్పున 28,000.

డబ్బాలొచ్చాయి. మొదట వదిన చూసింది. "ఏవండీ, మన ఊరిపేరు ఇలాగ ఉంటుందా?" అందిట.

ఆత్రేయపురంలో "త్రే" ఉంది కదా. ఆ కుర్రాడి సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే ఏర్పాటు పెట్టుకోలేదు. త కింద రావలసిన క్రావడి విడిపోయి, త పక్కన పొల్లు పడి, "ఆత్‌రేయపురం" అయి కూర్చుంది. ఇది మనకి కొత్త జబ్బు కాదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో, ఇల్లస్ట్రేటర్లో తెలుగు సరిగ్గా రావాలంటే భారతీయ భాషల కంపోజర్ ఎంచుకోవాలి. మామూలు సెట్టింగుల్లో యూనికోడ్ తెలుగు అతికిస్తే ఇలాగే ముక్కలవుతుంది. అంచేతే ఇప్పటికీ చాలా డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టి, దాన్ని బొమ్మగా మార్చి వాడతారు. తెలిసినవాళ్ళకి ఇది రెండు నిమిషాల పని. తెలియనివాళ్ళకి రెండువేల డబ్బాలు.

అక్కడితో అయిపోలేదు. తెరమీద చిలకపచ్చగా మెరిసిన రంగు అట్టమీదకొచ్చేసరికి బురదపచ్చ అయ్యింది. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో వేస్తుంది. తెరమీద కనిపించే కొన్ని పచ్చలు ఆ నాలుగు సిరాల్లో అసలు పుట్టవు. దానికి తోడు అన్నయ్య ముచ్చటపడి గోధుమరంగు క్రాఫ్ట్ అట్ట ఎంచుకున్నాడు. శాకాహారం అని తెలిపే పచ్చచుక్క ఉంటుంది చూడండి, అది కూడా గోధుమరంగులోకి దిగిపోయింది. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా, పూతరేకుల్లో కోడి గట్రా వేశామా మనం?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. తయారీ తేదీ, ఎన్నాళ్ళలోపు తినాలి అన్నవి కొట్టడానికి ఖాళీ కూడా వదల్లేదు. తినే సరుకు ప్యాకెట్ మీద ఏమేం ఉండాలో చట్టం చెప్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, దినుసులు, నికర బరువు, ఎమ్మార్పీ, తేదీలు, ఇలా చాలా. అన్నీ కనబడేలా పెట్టి, మళ్ళీ డబ్బా అందంగా ఉండేలా చూడడమే డిజైనంటే. కొబ్బరిచెట్టు ఎవడైనా పెడతాడు.

1,500, 28,000, కలిపి 29,500. ఆ అమ్మాయి అడిగింది 27,000.

ఆ ఫ్లెక్సీ కుర్రాణ్ణి కూడా తిట్టబుద్ధి కాలేదు నాకు. గంటన్నర డబ్బులిచ్చాం, గంటన్నర పని చేశాడు.

మళ్ళీ ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. సిగ్గేసింది. ఈసారి రేటు పెంచుతుందేమో అనుకున్నాను, పెంచితే నోరెత్తే హక్కు కూడా లేదు. "అదే రేటండి. కాకపోతే 40 శాతం అడ్వాన్సు," అంది. నేను సంక్రాంతికి ఇంటికెళ్తూ రాజమండ్రిలో దిగి, అన్నయ్యని కూడా రమ్మని, ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. అక్కడ ఆ అమ్మాయి తన లెక్క విప్పి చెప్పింది. నాకు తెలిసి ఏ వెండరూ నాకు అంత శుభ్రంగా ఎస్టిమేట్ చెప్పలేదు.

లోగోకి గీతలు, అక్షరాలు, మార్పులు కలిపి దాదాపు 40 గంటలు. మూడు డబ్బాలకి, వాటి మడత గీతలు, కోత గీతలు ప్రెస్సువాళ్ళతో సరిచూసుకోవడంతో సహా 50 గంటలు. 90 గంటలకి 27,000 అంటే గంటకి 300. ఇక్కడ మన బుర్ర చటుక్కున చేసే లెక్క ఒకటుంటుంది, "300 ఇంటూ రోజుకి ఎనిమిది, ఇంటూ పాతిక రోజులు, నెలకి అరవైవేలా!" అని. నేనూ చేశాను. అది తప్పుడు లెక్క. ఉద్యోగికి ఆఫీసులో కూర్చున్న ప్రతి గంటకీ జీతం పడుతుంది, టీకి వెళ్ళినా, టౌన్‌హాల్ మీటింగులో నిద్రపోయినా. ఫ్రీలాన్సర్‌కి పని వెతుక్కోవడం, నాలాంటివాడికి ఫోన్లో గంట వివరించడం, ప్రెస్సుకి తిరగడం, బాకీలు వసూలు చెయ్యడం, ఇవేవీ బిల్లులోకి రావు. నెలకి 160 గంటలు పనిచేస్తే సగమే బిల్లు చెయ్యగలుగుతున్నానంది. 80 గంటలు, 24,000. అందులోంచి సాఫ్ట్‌వేర్ చందా, ల్యాప్‌టాప్ వాయిదా, ఇంటర్నెట్టు, ఇన్వర్టరు అన్నీ కలిపి ఓ నాలుగైదు వేలు పోతే మిగిలేది ఇరవై వేల లోపు. పీఎఫ్ లేదు, సెలవులు లేవు, ఇన్సూరెన్సు లేదు. మన కంపెనీల్లో మూడున్నర లక్షల ప్యాకేజీతో చేరే ఫ్రెషర్‌కి కూడా ఇంతకన్నా ఎక్కువే వస్తుంది, అది కూడా ఏసీలో కూర్చోబెట్టి, ట్రైనింగ్ ఇచ్చి మరీ.

నేను మొదట ఇస్తానన్న పదివేలు ఆ 90 గంటలకి పంచితే గంటకి 111. ఆ అంకె నేను పైకి చెప్పలేదు.

అన్నయ్యకి మాత్రం ఈ గంటల లెక్క ఎక్కలేదు. ఆయనకి ఎక్కిన సంగతి వేరే. "మార్పులు మూడుసార్లు చేస్తాను, ఆ పైన ప్రతి మార్పుకీ వేరే" అని ఆ అమ్మాయి అన్నప్పుడు ఆయన, "మనకి నచ్చని డిజైన్‌కి కూడా మనమే డబ్బులివ్వాలా?" అని అడిగాడు. నేను ఏదో ఎజైల్, ఇటరేషన్ అని మొదలెట్టబోయాను. ఆ అమ్మాయి నెమ్మదిగా, "మీ దగ్గర రేకు తీసేటప్పుడు కుండమీద చిరిగిపోయినవాటికి కూలి కోస్తారాండి?" అంది.

మీలో చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండమీద ఒక్కసారి అలా లాగితే రేకు వస్తుంది. క్షణంలో ఆరిపోతుంది, కాగితం కన్నా పల్చగా. చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా కొన్ని చిరుగుతాయి. మంట ఎక్కువైనా, పిండి చిక్కబడినా, గాలి వీచినా. "చిరుగుల కూలి కోస్తే మర్నాడు ఎవరొస్తారమ్మా," అన్నాడు అన్నయ్య. అనేసి, ఇంకేం మాట్లాడకుండా ఫోన్ తీసి 10,800 కొట్టేశాడు. నేను రాజమండ్రిలో దిగి అంతసేపు చెప్పిందంతా దండగ.

ఇంకో లెక్క కూడా ఆయనకి నచ్చింది. ఏడాదికి పదివేల డబ్బాలు అమ్మితే 27,000 డబ్బాకి 2 రూపాయల 70 పైసలు. అంటించే టేపుకి ఎంతవుతోందో వదినకి తెలుసు.

ఇది చెప్తే ఆఫీసులో ఒకతను నైకీ కథ ఎత్తుకున్నాడు. అంత పేద్ద కంపెనీ లోగోకి 35 డాలర్లే ఇచ్చారు, తెలుసా అని. తెలుసు. 1971లో కెరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని చేత గీయించారు. ఈ కథ చెప్పేవాళ్ళు సగంలో ఆపేస్తారు. ఆవిడ గంటకి 2 డాలర్ల చొప్పున, పదిహేడున్నర గంటలకి బిల్లు వేసింది. అప్పటి అమెరికా కనీస వేతనం గంటకి 1.60. అంటే ఊరికే చేసిపెట్టింది కాదు, చదువుకునే పిల్లకి ఫర్వాలేని రేటే. ఆ కంపెనీ నిలబడ్డాక 1983లో పిలిచి, ఉంగరంతో పాటు షేర్లు కూడా ఇచ్చారు. బేరానికి ఈ కథ వాడేవాళ్ళు షేర్ల సంగతి కూడా కొటేషన్‌లో రాసిస్తే బావుంటుంది.

నిజానికి చేతిపనికి డబ్బు పెట్టడం రాజమండ్రికి కొత్తేం కాదు. 1932 నించి రత్నం పెన్నులు చేతితో తయారుచేస్తున్న ఊరది. అక్కడ పెన్ను కొనేవాళ్ళెవరూ "బజార్లో పెన్ను పది రూపాయలకొస్తుంది కదా" అని బేరమాడరు. ఆ పక్కన నర్సాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాతనే తీసుకోండి. లా చదివి, అడ్వర్టైజింగ్‌లో కూడా పనిచేసి, బొమ్మలేస్తూ రాసిన ఆ అక్షరాలు ఇవాళ మన పెళ్ళికార్డుల మీదా, ఫ్లెక్సీల మీదా, హోటలు బోర్డుల మీదా ఉన్నాయి. ఒక మనిషి చేతిరాత మొత్తం ఒక భాషకి ముఖమైపోయింది. మనం మాత్రం దాన్ని గాలీ నీళ్ళలాగా ఊరికే వచ్చిందనుకుంటాం. ఆ గౌరవం మనకి పేరొచ్చినవాళ్ళ మీదే ఉంటుంది, అదీ చాలా ఆలస్యంగా.

హక్కుల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ధరలో అది కూడా భాగం. మనం ఆఫీసులో రాసే కోడ్ కంపెనీది, ఉద్యోగంలో భాగంగా రాశాం కాబట్టి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అదే చెప్తుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. డబ్బులిచ్చేశాం కదా అని లోగో మీద కాపీరైట్ దానంతటదే మనదైపోదు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. అందులోనూ 19వ సెక్షన్లో ఓ మెలిక ఉంది. ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. రేపు అన్నయ్య అమెరికాలో మనవాళ్ళకి పంపాలనుకుంటే? అంచేత రెండు పేజీల కాగితం మీద "పూర్తి హక్కులు, ఎల్లకాలం, అన్ని దేశాల్లో" అని రాసుకున్నాం. ఇవన్నీ ఆ 12,000లోనే ఇచ్చింది. పెద్ద ఏజెన్సీలు వీటికి వేరే పద్దు వేస్తాయి. ఒరిజినల్ ఫైళ్ళు కూడా ఇస్తానని రాసింది, కోరల్‌డ్రాలో కూడా తెరిచేలా, ఎందుకంటే మన పక్క ప్రెస్సుల్లో ఎక్కువ నడిచేది అదే.

అయితే ఫ్రీలాన్సర్లందరూ ధర్మరాజులేం కాదు. ఇంటర్నెట్లో ఊరికే దొరికే టెంప్లేట్ దించి, పేరు మార్చి, పదిహేనువేలు పట్టుకుపోయినవాళ్ళ కథలూ విన్నాను. అంచేత చేసిన పని అడగండి, తెరమీద కాదు, అచ్చయిన డబ్బా చేతికిమ్మనండి. మధ్యలో గీసిన చిత్తు చూపించమనండి. చిత్తు లేనివాడు ఎక్కడినించో దించుకున్నట్టే. మీ దగ్గర నిజంగానే డబ్బు లేకపోతే ఆ మాటే చెప్పి, మూడు డబ్బాల బదులు ఒకటే చేయించుకోండి. ఆ అమ్మాయే మాకు చెప్పింది ఆ దారి, మొదటి ఫోన్లోనే చెప్పేది, నేను వినిపించుకునే స్థితిలో ఉంటే. 27,000 పనిని పదివేలకి అడగడం వేరు, పదివేలకి ఎంత పనొస్తుందని అడగడం వేరు.

ఇదంతా ఎందుకు, ఏఐని అడిగితే పది సెకన్లలో బొమ్మ వస్తుంది కదా అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అన్నయ్య కొడుకే చేశాడు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, గోదావరి గట్టు, అమ్మమ్మ, పూతరేకులు. ఆ పూతరేకులు మాత్రం దోసెల్లా ఉన్నాయి. రేపు దోసెలు పోయి పూతరేకులే రావచ్చు, నేను పందెం కాయను. కానీ డబ్బా మడతలో అక్షరం విరక్కుండా చూసి, ప్రెస్సులో మొదటి కాగితం వచ్చేటప్పుడు పక్కన నిలబడి, తప్పొస్తే "నాది తప్పు" అనేవాళ్ళు ఒకరు కావాలి. మనం కోడ్ విషయంలో మేనేజర్లకి చెప్పుకుంటున్నది కూడా ఇదే కదా ఈ మధ్య. మన ఉద్యోగానికి ఆ వాదన చెల్లాలని కోరుకుంటూ పక్కవాడి ఉద్యోగానికి చెల్లదంటే ఎలా?

లోగో అయింది, డబ్బాలయ్యాయి. "త్రే"ని ఆ అమ్మాయి చేత్తో గీసింది, క్రావడి కాస్త సాగి రేకు మడతలాగా కనబడుతుంది. ప్రెస్సుకి రెండుసార్లు వెళ్ళొచ్చింది. పచ్చచుక్క పచ్చగానే ఉంది. పాత రెండువేల డబ్బాలు అటకమీదున్నాయి, వదిన వాటిలో ఎండుమిరపకాయలూ, చింతపండూ పోసి చుట్టాలకి ఇస్తోంది.

ఇక మిగిలిన 16,200 సంగతి. అది నేనిస్తానన్నాను, అన్నయ్యకి నా తరఫున కానుక అని. ఫైళ్ళన్నీ అందిన రోజు మాకు రిలీజ్ ఉంది. రేపు పంపుదాంలే అనుకున్నాను. ఆ రేపు వారం అయింది. ఆ అమ్మాయి ఒకసారి మర్యాదగా గుర్తుచేసింది, "అయ్యో సారీ అండి, ఇవాళే" అన్నాను. మళ్ళీ మర్చిపోయాను. రెండోసారి గుర్తుచేశాక పంపాను. పంతొమ్మిది రోజులు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకి ఎన్ని రోజుల్లో డబ్బు కట్టాలో 2006 నాటి చట్టమొకటి చెప్తుంది. ముందుగా రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. మా కాగితంలో గడువు రాసుకోలేదు. అంటే ఆ అమ్మాయికి ఆ రిజిస్ట్రేషన్ ఉండి ఉంటే నేను నాలుగు రోజులు ఆలస్యం. ఉందో లేదో అడగడానికి మొహం చెల్లలేదు. నా జీతం మాత్రం నెలాఖరు రోజు పొద్దున్న పదకొండింటికల్లా పడకపోతే హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టే మనిషిని నేను.

మొన్న పెళ్ళిళ్ళ సీజన్‌కి గిఫ్ట్ బాక్సు ఒకటి కావాలని అన్నయ్య మళ్ళీ ఆ అమ్మాయినే అడిగాడు, నన్ను మధ్యలో పెట్టకుండా. 9,000 అందిట. ఈయన బేరమాడలేదుట. కొటేషన్ నాకు పంపాడు చూడమని. అన్నీ పాతవే, చివర్న ఒక్క లైను కొత్తగా చేరింది, "మిగతా మొత్తం అందిన తర్వాతే ఫైళ్ళు పంపబడును."

"ఇదెందుకు పెట్టిందిరా, మనం బాగానే ఇచ్చాం కదా?" అని అడిగాడు అన్నయ్య. ఆయనకి ఇంకా చెప్పలేదు నేను.